హద్దు డెబ్బై

మా బాయిలర్ ముందుభాగంలో ఒక ఇత్తడి బిళ్ల ఉండేది. దాని మీద డెబ్బై అంకె కొట్టి ఉంది. ఆవిరి డెబ్బై పౌండ్లు దాటకూడదని అర్థం. ఏడో తరగతి చదివిన నేను దాన్ని చదివాను. బడి ముఖం చూడని ఖాజా పాషా చదివాడు. హైదరాబాద్‌లో బీకాం చదివిన మా సేటు మాత్రం చదవలేదు.

అది బాయిల్డ్ రైస్ మిల్లు. వరంగల్ నుంచి స్టేషన్ ఘన్‌పూర్ పోయే రోడ్డు పక్కన ఉండేది. వడ్లు తొట్లలో నానబెట్టి, ఆవిరి పట్టి, కళ్ళంలో ఎండబోసి, మర పట్టించేవాళ్ళు. బాయిలర్ కింద ఊక ఎగదోసేవాడు ఖాజా పాషా. తొట్ల దగ్గర పది మంది ఆడవాళ్ళు పనిచేసేవాళ్ళు. కరెంటు పని, వాల్వుల పని నాది. నా పేరు గట్టయ్య. నెక్కొండ దగ్గరి పల్లె మాది.

1979 డిసెంబర్‌లో తొట్టి దగ్గర ఆవిరి గొట్టం పగిలింది. నా భార్య పూలమ్మ దాని ముందు నిలబడి ఉంది. దవాఖానలో మూడు రోజులు బతికింది. మాట్లాడింది కూడా. ఆ మాటలు నేను ఎక్కడా రాయను.

గొట్టం ఊరికే పగలలేదు. ఆవిరి తొంభై అయిదు దాటింది. సేఫ్టీ వాల్వు డెబ్బైకి తెరుచుకోవాలి. తెరుచుకోలేదు. దాని లివరుకు ఇనుప దిమ్మ వేలాడుతోంది. తెరుచుకుంటే ఆవిరి దండగవుతుందని, తొట్లు ఆలస్యమవుతాయని సేటు ఏడుపు. “గట్టయ్యా, దిమ్మ కట్టు” అన్నాడు. కట్టింది నేను. తొట్ల దగ్గర ఎవరు నిలబడి ఉంటారో నాకు తెలియక కాదు. అంతకు ముందు రెండుసార్లు కట్టాను, ఏమీ కాలేదు. మూడోసారీ కాదనుకున్నాను.

పోలీసులు వచ్చి అడిగితే సేటు ఏమన్నాడో నేను పక్కనే ఉండి విన్నాను. “నేనెందుకు కట్టమంట సార్? ఎవడు కట్టిండో ఏమో. ఆమెనే అడ్డం నిలబడ్డది.” మాట మార్చాడు. నేను నోరు తెరవలేదు. తెరిస్తే కట్టిన చెయ్యి ఎవరిదని అడుగుతారు.

ఇరవై రోజులకు మిల్లు మళ్ళీ నడిచింది. నేను కూడా పనికి పోయాను. ఎట్లా పోయినవని మా వాళ్ళు ముఖం మీదే అడిగారు. నేను మానేస్తే ఆ లివరు దగ్గర ఇంకొకడు నిలబడతాడు. సేటు చెప్పగానే కట్టేవాడు. నాలాంటివాడు. అందుకే మానలేదు.

1985 ఫిబ్రవరిలో కాలేజీ జీపు ఒకటి మిల్లుకు వచ్చింది. అందులోంచి ఒకామె దిగింది. ముప్పై ఏళ్ళుంటాయి. పేరు శారద. ఇంజనీరింగు కాలేజీలో పాఠం చెప్తుందట, పైచదువు కోసం ఏదైనా ఫ్యాక్టరీలో ఒక ప్రాజెక్టు చెయ్యాలట. అట్టపెట్టెలోంచి పలకంత బోర్డు తీసింది. దానికి ఒక కీబోర్డు, ఒక చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ.

సేటు మురిసిపోయాడు. ఈ చుట్టుపక్కల ఏ మిల్లులోనూ కంప్యూటర్ లేదు. గద్దె మీద కూర్చొనే నాతో అన్నాడు, “మేడం ఏం జెప్తే అది జెయ్యి. ఊక మిగులుతదట. ఇన్స్పెక్టర్ వచ్చినా చూపెట్టచ్చు.”

బాయిలర్ గది పక్కన ఒక బల్ల వేసి అన్నీ అమర్చాం. ఆమె నా చేతిలో జిరాక్స్ కాగితాల కట్ట పెట్టింది. అరవై నాలుగు పేజీలు. అంతా ఇంగ్లీషు.

“ఇందులో ఉన్న భాష పేరు ఫోర్త్, గట్టయ్య గారూ. మా కాలేజీల ఇది ఎవరికీ రాదు. నాకూ సగమే వచ్చు. అందరికీ వచ్చింది ఫోర్ట్రాన్. దానికేమో గదంత మిషన్ కావాలె. ఇది ఈ చిన్న బోర్డులనే పడుతది. వాల్వులు, మోటార్లు నడపడానికి దీన్నే వాడుతరు.”

“నేను ఏడో తరగతి మేడం. నాకెందుకు చెప్తాండ్రు?”

“నేను వారానికి ఒక్కరోజు వస్త. రోజూ ఉండేది మీరు. ఆగిపోతే ఎవరు చూస్తరు?”

నిజమే. ఆ ఒక్క నిజం కోసం నేను ఆ కాగితాలు ఇంటికి తీసుకుపోయాను. ఆమె మర్యాదకు కాదు.

మొదటి రోజు ఆమె మూడు కొట్టింది, నాలుగు కొట్టింది, ఆ తర్వాత కూడిక గుర్తు, చివర ఒక చుక్క. టీవీ మీద ఏడు వచ్చింది. పక్కన ఓకే అని వచ్చింది. ముందు సామాను పెట్టాలి, తర్వాత పని చెప్పాలి. అంతవరకు అర్థమైంది. కానీ సామాను ఎక్కడ పెడుతున్నాం? ఆమె స్టాక్ అంది. కాగితం మీద గళ్ళు గీసింది, బాణాలు వేసింది. నాకు ఎక్కలేదు. రెండు అంకెల వరకు బాగానే ఉంటుంది. నాలుగు పెట్టగానే ఏది ముందు వస్తుందో తెలియదు. వారం రోజులు తీసివేతలకు తప్పు జవాబులే వచ్చాయి. ఓకే అని మాత్రం ప్రతిసారీ వచ్చింది. తప్పుకు కూడా ఓకే అనే యంత్రాన్ని చూస్తే నాకు సేటు దగ్గరి గుమాస్తా గుర్తొచ్చాడు.

ఒక పొద్దున గోదాంలో గొడవ వినబడి పోయాను. రాయమల్లు మా హమాలీల పెద్ద. కొత్తగా వచ్చిన హమాలీ బస్తాల దొంతరలో నడిమి బస్తా గుంజుతున్నాడు. రాయమల్లు వాడి రెక్క పట్టి వెనక్కి లాగాడు.

“నడిమిది గుంజుతవారా? మీద పడి సస్తవ్. ఆఖరుకు ఎక్కించినం జూడు, గది దింపు ముందుగాల.”

“నాకు కావాల్సింది కిందున్నది పెద్దయ్యా.”

“నీకు కావాల్సింది కిందుంటే పైయన్నీ దింపు. ఇదేమన్న మీ అత్తగారిల్లా, నచ్చింది నచ్చినట్టు తీస్కపోనీకి?”

నేను అక్కడినుంచే తిరిగి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను. నాలుగు అంకెలు పెట్టాను. బస్తాలు అనుకున్నాను. పైదాన్ని దించాను. ఆ రోజు తర్వాత స్టాక్ గురించి నేను ఎవరినీ అడగలేదు.

వారానికి శారద వస్తే ఇది చెప్పాను. ఆమె నవ్వి నోటుబుక్కులో రాసుకుంది. తర్వాత ఆమె థీసిస్‌లో ఆ బస్తాల బొమ్మ ఉంది. రాయమల్లు పేరు లేదు. నా పేరు కూడా లేదు. ‘స్థానిక వైర్‌మన్’ అని ఉంది.

ఫోర్త్‌లో అసలు పని మాటలు తయారుచేయడం. ఒక పేరు పెట్టి, ఆ పేరు వింటే ఏం చెయ్యాలో చెప్పాలి. ఆ తర్వాత ఆ పేరు కొడితే చాలు. చిన్న మాటలతో పెద్ద మాట, వాటితో ఇంకా పెద్దది. పేర్లు మన ఇష్టం. అక్షరాలు ఇంగ్లీషువైనా నేను తెలుగు పేర్లే పెట్టాను. గది గోడకున్న బల్బుతో మొదలుపెట్టాను. ‘ఆగు’ అంటే కొంచెంసేపు ఆగాలి. ‘దీపం’ అంటే బల్బు వెలగాలి, ఆగు, ఆరాలి, ఆగు.

ఇక్కడే నేను మూడు రోజులు తల బాదుకున్నాను.

దీపం మెల్లగా వెలిగి ఆరుతోంది. తొందరగా వెలిగి ఆరాలని ‘ఆగు’ను మళ్ళీ కొత్తగా చెప్పాను, తక్కువ అంకెతో. టీవీ మీద ‘మెసేజ్ 4’ అని వచ్చింది, ఓకే అని వచ్చింది. ఆగును విడిగా కొడితే కొత్త లెక్క ప్రకారమే ఆగుతోంది. దీపం కొడితే మాత్రం మునుపటిలాగే మెల్లగా. వైర్లు మార్చాను. బల్బు మార్చాను. ఖాజా పాషా తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

“అన్నా, దానికి చెవుడు వచ్చిందో ఏమో. జర గట్టిగ చెప్పు.”

“నువ్వు పోయి ఊక ఎయ్యి.”

“ఏస్తా. మూడు దినాలసంది ఒక్క కరెంటు బుగ్గతోని కొట్లాడుతానవ్ గదా, ఎవలు గెలుస్తరో చూసి పోదామని.”

మూడో రోజు సాయంత్రం కాగితాల చివర మెసేజుల పట్టీ చూశాను. నాలుగుకు ఎదురుగా, ఈ పేరుతో ఇదివరకే ఒకటి ఉందని రాసి ఉంది. అప్పుడు తెలిసింది. దీపం తయారైన రోజు ఏ ఆగు ఉందో, దాన్నే అది పట్టుకొని ఉంది. తర్వాత నేను అదే పేరుతో కొత్త ఆగు చెప్పాను. కొత్తగా పుట్టే మాటలకు కొత్త ఆగు. పాత దీపానికి పాత ఆగే. దీపాన్ని కూడా మళ్ళీ చెప్తే తప్ప మారదు.

నోటుబుక్కులో ఎర్ర సిరాతో తెలుగులో రాసుకున్నాను. ‘ఒక మాట మారిస్తే, దాన్ని వాడిన మాటలన్నీ మళ్ళీ చెప్పాలి. లేకపోతే పైకి కొత్తది, లోపల పాతదే.’ శారదకు కూడా తెలియదు ఈ సంగతి. నేను చూపిస్తే తెలుసుకుంది.

ఆ రాత రాస్తుంటే నాకు పోలీసుల ముందు సేటు చెప్పిన మాట గుర్తొచ్చింది. తర్వాత ఎన్ని చెప్పుకుంటే ఏం? పూలమ్మ మీద పడింది మొదటి మాటే.

ఏప్రిల్‌కల్లా బాయిలర్‌కు కావలి తయారైంది. తుప్పు పట్టిన పాత సేఫ్టీ వాల్వును నేను నమ్మలేదు. దాని పక్కన కొత్త వాల్వు పెట్టించాను, దానికీ ఒక లివరు ఉంది. కరెంటు ఉన్నంతసేపు మూసి ఉంటుంది. కరెంటు పోతే లోపలి స్ప్రింగు తెరిచేస్తుంది, ఆవిరి కప్పు మీది గొట్టంలోంచి పోతుంది. అట్లా పెట్టేముందు శారద ఆగింది. “వైరు తెగితే మూసుకోవాల్నా, తెరుచుకోవాల్నా? మీరే చెప్పండి” అని అడిగింది. తెరుచుకోవాలని చెప్పాను. ఈ ఒక్కచోట ఆమె నన్ను అడిగి చేసింది.

మాటలు ఇవీ. ‘ఆవిరి’ అంటే ఇప్పుడు ఎన్ని పౌండ్లుందో చూసి పైన పెడుతుంది. ‘హద్దు’ అంటే డెబ్బై పెడుతుంది. ‘చూపు’ అంటే రెండింటినీ పోల్చి, దాటితే వాల్వు తెరుస్తుంది. ‘కావలి’ అంటే ఎవరైనా కీబోర్డు ముట్టేదాకా చూపును పదే పదే చేస్తుంది. ఇవన్నీ టేపు రికార్డర్ క్యాసెట్‌లో దాచాం. కరెంటు పోయినా బోర్డు ఆరిపోకుండా లారీ బ్యాటరీ పెట్టాను. క్యాసెట్ వేస్తే కీచుమని చెవులు పగిలే చప్పుడు. ఖాజా పాషా చెవులు మూసుకొని, “గిది ఏ సిన్మాల పాట అన్నా? హీరోయిన్‌కు గొంతు బాగలేదు” అనేవాడు.

తొట్ల దగ్గర ఆడవాళ్ళకు పెద్ద భద్రమ్మ. పూలమ్మ, ఆమె ఒకే తొట్టి మీద పనిచేశారు. భద్రమ్మ మెడ కింద కూడా ఆనాటి మచ్చ ఉంది. ఒకరోజు పని చీర కొంగు దోపుకొని బల్ల దగ్గరికి వచ్చింది.

“ఏందన్నా ఇది? ఏం జేత్తది?”

“కావలి కాస్తది. డెబ్బై దాటితే ఆవిరిని ఇడిసిపెడ్తది.”

“కుక్క లెక్కనా?”

“కుక్కకు బువ్వ పెడితే తోక ఊపుతది. ఇది ఊపది.”

ఆమె ఆ టీవీని కొంచెంసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. “ఆరేండ్ల కింద ఏడ పండుకున్నదే ఈ కుక్క?” అని పోయింది.

దిమ్మ ఎవరు కట్టారో ఆమెకు తెలుసు. మిల్లులో అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. అనకపోవడం కనికరం కాదు.

ఆ ఇనుప దిమ్మ ఇంకా బాయిలర్ గది మూలనే ఉంది. పాత సామానుకు వేస్తామంటే నేను వద్దన్నాను.

నవంబర్‌లో ముసురు పట్టింది. వడ్లు కళ్ళంలో తడిసి మొలకలెత్తుతున్నాయి. గేటు బయట లారీలు తాటిపత్రి పట్టాలు కప్పుకొని నిలబడ్డాయి. సేటు రోజుకు నాలుగు తొట్ల బదులు ఆరు దించమన్నాడు. ఖాజా పాషాను ఊక ఎక్కువ ఎయ్యమన్నాడు. వేస్తే ఆవిరి డెబ్బైకి పోతుంది. వాల్వు తెరుచుకుంటుంది. కప్పు మీది గొట్టం రైలింజన్‌లా అరుస్తుంది. ఆవిరి దిగుతుంది. మళ్ళీ మొదలు. గంటకోసారి.

మూడో రోజు సేటు అల్లుడిని వెంటబెట్టుకొని వచ్చాడు. అల్లుడు హైదరాబాద్‌లో ఇంజనీరింగు చదివాడు. అన్నం తిన్నాక నిలబడి ఇంగ్లీషు పేపరు చదివే రకం. శారద ఆ వారం రాలేదు.

“గట్టయ్యా, ఈ ప్రోగ్రాం ఎవరు రాసిండ్రు?”

“నేనే సార్. మేడం చెప్పింది.”

“నువ్వా?” మామ వైపు చూసి నవ్వాడు. “మామయ్యా, మీ వైర్‌మన్ సాఫ్ట్‌వేర్ రాస్తాండట. ఇంగ్లీషు చదువొస్తదా నీకు?”

“అవసరమైనంత.”

“హద్దు తొంభై చెయ్యి” అన్నాడు సేటు.

“బిళ్ల మీద డెబ్బై ఉంది సేటూ.”

“బిళ్ల సంగతి నాకు చెప్తవా? బాయిలర్ నాది.”

“చెయ్యను.”

సేటు ముఖం ఎర్రబడింది. అల్లుడు చెయ్యి అడ్డం పెట్టి, “ఆయనెందుకు, నేను జేస్త. నీ నోటుబుక్కియ్యి” అన్నాడు.

ఇచ్చాను.

జిరాక్స్ కాగితాలు గబగబా తిప్పాడు. చురుకైనవాడే. కాదనను. మాట ఎట్లా చెప్పాలో పది నిమిషాల్లో పట్టుకున్నాడు. నా నోటుబుక్కులో ‘హద్దు’ రాసిన పుట దొరికింది. దానికి ముందు పుటలో ఎర్ర సిరా ఉంది. దాన్ని చూశాడు, తెలుగు రాత కనబడగానే తిప్పేశాడు. కీబోర్డు ముట్టి కావలిని ఆపాడు. హద్దును తొంభైగా మళ్ళీ చెప్పాడు. టీవీ మీద మెసేజ్ 4 వచ్చింది. అదేమిటని నన్ను అడగలేదు. ఓకే వచ్చింది కదా. హద్దు ఎంతో చూపమన్నాడు. తొంభై అని వచ్చింది.

“చూసిండ్రా మామయ్యా? తొంభై. ఇంతే పని. దీనికి వారం వారం జీపేసుకొని మేడం రావాల్నా?”

కావలి అని కొట్టాడు. అది మళ్ళీ కాపలా మొదలుపెట్టింది.

నేను చెప్పవచ్చు. చెప్పలేదు.

“పాషా, ఎగదొయ్” అన్నాడు సేటు.

ఖాజా పాషా నన్ను చూశాడు. నేను తల ఊపాను. వాడు ఊక వేశాడు. నాకు నమ్మకం ఉంది. చూపు తయారైన రోజు హద్దు డెబ్బై. అది దాన్నే పట్టుకొని ఉంది. కానీ ఆరేళ్ళ కింద కూడా నాకు నమ్మకం ఉండేది, ఏమీ కాదని. నా నమ్మకం మీద ఇంకొకరిని నిలబెట్టడం నేను మానేశాను.

తొట్ల దగ్గరికి నడిచాను.

“భద్రమ్మా, అందరిని తీస్కొని కళ్ళంలకు పో.”

“వాన పడుతాందన్నా.”

“తడువుండ్రి. పో.”

ఆమె కదలలేదు. నా చేతులు చూసింది. “మల్ల కట్టినవా?”

“లేదు.”

“మరేంది?”

“ముందుగాల పో, తర్వాత అడుగు.”

పోయారు. పదిమందీ గోనె సంచులు నెత్తిన వేసుకొని వానలో నిలబడ్డారు. నేను గొట్టం ముందు, పూలమ్మ నిలబడిన చోట నిలబడ్డాను. అక్కడినుంచి ఆవిరి కొలిచే గేజీ కనబడుతుంది. ఆమెకు కూడా కనబడి ఉంటుంది. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. ఆమెకు అంకెలు వచ్చు. నేనే నేర్పాను. ముల్లు డెబ్బై దాటిందని ఆమెకు తెలుసు. నేను వాల్వుల దగ్గర ఉన్నానని కూడా తెలుసు. అందుకే పక్కకు జరగలేదు.

అరవై. అరవై అయిదు. గొట్టం అతుకుల దగ్గర సన్నగా ఈల వేస్తోంది. అరవై ఎనిమిది.

డెబ్బై.

కప్పు మీద గొట్టం అరిచింది. ముల్లు వెనక్కి వచ్చింది.

గదిలోకి పోయేసరికి అల్లుడు కీబోర్డు మీద వంగి ఉన్నాడు. హద్దు కొడుతున్నాడు. తొంభై అంటోంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తొంభై. “తొంభై అంటాంది, డెబ్బైకే ఇడుస్తాంది! ఏం జేసినవ్ దీనికి?”

“నేనేం జేయలే. మీరే జేసిండ్రు. హద్దు మార్చిండ్రు. చూపును మళ్ళ చెప్పలే. అది పాత హద్దునే పట్టుకొని ఉంది.”

“ముందే ఎందుకు చెప్పలే?”

“నోటుబుక్కుల ఉంది. తెలుగుల.”

అతనికి ఒళ్ళు మండింది. ఇంజనీరింగు చదివినవాడు ఏమీ తోచనప్పుడు ఏం చేస్తాడో ఆ రోజు చూశాను. వాల్వుకు పోయే వైరు పట్టి గుంజాడు. కరెంటు పోయింది. స్ప్రింగు తెరుచుకుంది. గొట్టం మళ్ళీ అరవడం మొదలుపెట్టింది. ఈసారి ఆగలేదు. ఆవిరి అంతా వానలోకి పోతోంది. అల్లుడు వైరు చేతిలో పట్టుకొని నిలబడ్డాడు, దాన్ని ఏం చెయ్యాలో తెలియక.

ఆ చప్పుడులో సేటు గొంతు చించుకొని అరిచాడు. అవే మాటలు, ఈసారి కొత్త వాల్వు లివరుకు.

“గట్టయ్యా, దిమ్మ కట్టు!”

నేను మూలకు పోయి దిమ్మను ఎత్తాను. ఆరేళ్ళ తుప్పు. చేతులకు ఎర్రగా అంటింది. దాని బరువు నా భుజాలకు గుర్తుంది. తలుపు దగ్గరికి ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు, చీరలు నీళ్ళు కారుతూ. రాయమల్లు, హమాలీలు వచ్చారు.

“పాషా, మంట గుంజెయ్” అన్నాను.

ఖాజా పాషా ఎదురు అడగలేదు. పొడుగు పార తీసుకొని మండే ఊకనంతా బయటికి లాగాడు. బకెట్టు నీళ్ళు కుమ్మరించాడు. గది పొగతో నిండిపోయింది.

“ఎవడు చెప్పిండ్రా నీకు?” అని సేటు వాడి మీదికి పోయాడు.

“బిళ్ల మీద రాసి ఉంది సేటూ” అన్నాడు పాషా దగ్గుతూ.

నేను దిమ్మను తీసుకుపోయి సేటు చేతుల్లో పెట్టాను. తెల్లచొక్కా మీద తుప్పు పడింది. బరువుకు ముందుకు వంగాడు.

“మీరే కట్టుండ్రి” అన్నాను. “ఆరేండ్ల కింద మీరు చెప్పిండ్రు, నేను కట్టిన. ఈ చేతులతోని కట్టిన. నా పూలమ్మ ఎదురుంగ ఉందని తెలిసి కట్టిన. పోలీసోళ్ళకు మీరు అబద్ధం చెప్పిండ్రు, నేను నోరు మూసుకున్న. ఇప్పుడు మీ చేతులతోని కట్టుండ్రి. నిచ్చెన అగో ఆడ ఉంది. మేమందరం ఈడ నిలబడి చూస్తం.”

ఆవిరి అరుపు తగ్గుతూ తగ్గుతూ ఒక బుస మాత్రం మిగిలింది. సేటు నిచ్చెన వైపు చూశాడు. అల్లుడి వైపు చూశాడు. అల్లుడు రెండడుగులు వెనక్కి వేశాడు. సేటు దిమ్మను నేల మీద పడేశాడు. సిమెంటు పగిలింది. “రేపటిసంది రాకు” అని పోయాడు.

మర్నాడు పొద్దున నా పనిముట్ల సంచి కోసం పోయాను. గుమాస్తా గేటు దగ్గరే ఆపి, సంచి తెప్పించి ఇచ్చాడు. నోటుబుక్కు ఇవ్వలేదు. అల్లుడి దగ్గర ఉందట. ఉండనీ. ఆ తెలుగు పుట ఇప్పుడైనా చదివి, చూపును కూడా మారుస్తాడేమో. అందుకే నేను ఖాజా పాషాను బయటికి పిలిచి చెప్పాను. ముల్లు డెబ్బై దాటి, గొట్టం అరవకపోతే, ఎవరినీ అడగకుండా మంట గుంజెయ్యమన్నాను. “ఇంకొకసారి చెప్పకన్నా. నాకు చెవుడు లేదు” అన్నాడు.

భద్రమ్మ గేటు దాకా వచ్చింది. నాలుగు మంచి మాటలు అంటుందేమో అని నేను అనుకోలేదని చెప్తే అబద్ధం.

“నిన్న అన్న మాట ఆనాడే అంటే ఏమయ్యేదే?” అంది.

“జైలుకు పోయేటోన్ని.”

“సేటు?”

“ఆయన గూడ పోయేటోడేమో.”

“ఆరేండ్లు మేము గా గొట్టం కింద పనిజేసినమన్నా. నువ్వు డబ్బా తయారుజేసేదాక.”

ఆమె లోపలికి పోయింది. నేను పిలవలేదు. ఆమె అన్నదాంట్లో ఒక్క ముక్క తీసేయడానికి లేదు.

ఘన్‌పూర్ బస్సు కోసం రోడ్డు అవతల నిలబడ్డాను. ముసురు ఇంకా పడుతోంది. లోపల వైరు మళ్ళీ కలిపినట్టున్నారు. కలపకపోతే వాల్వు మూసుకోదు, మిల్లు నడవదు. చిమ్నీ లోంచి పొగ లేచింది. బస్సు వచ్చి ఆగింది. గొట్టం అరుపు వినాలని ఎక్కలేదు. కండక్టర్ తిట్టుకుంటూ రైటన్నాడు.

ఇంకో పావుగంట నిలబడ్డాను. కప్పు మీద గొట్టం అరిచింది.

అప్పుడు నడక మొదలుపెట్టాను.